‘ఇకపై ఏమీ అడగను’ అని సంతకం పెట్టాను, బాబు ఖర్చులు అడగొచ్చా?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దని కోరారు. ఏ వివరమూ దాచకుండా చాలా పెద్ద ఉత్తరమే రాశారు కనుక ముందు ఆ సంగతులు క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 34 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు, నెలకు 22 వేలు వస్తాయి. భర్తతో పొసగక 2021లో హైదరాబాద్‌లోని ఫ్యామిలీ కోర్టులో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నారు. అంతకుముందే రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుని ఒప్పందం రాయించారు, దాన్నే కోర్టులో దాఖలు చేశారు. ఆమెకు శాశ్వత భరణం కింద 6 లక్షలు ఇవ్వాలి, పెళ్లిలో పెట్టిన బంగారం తిరిగివ్వాలి. బాబు తల్లి దగ్గరే ఉండాలి, తండ్రి నెలకోసారి ఇద్దరికీ వీలైన చోట చూసి వెళ్లాలి. ఇక ఆఖరి పేరా: బాబు పోషణ కోసం గానీ, తండ్రి ఆస్తిలో బాబు వాటా కోసం గానీ తల్లి ఇకపై ఏ కోర్టుకూ వెళ్లకూడదు. “ఆ రోజు బయటపడితే చాలనుకున్నాను, చదవకుండానే సంతకం పెట్టాను” అని రాశారు.

మొదటి ఏడాది తండ్రి నెలనెలా వచ్చేవాడు. తర్వాత మళ్లీ పెళ్లయింది, ఆడపిల్ల పుట్టింది, రావడం మానేశాడు. రెండేళ్లుగా అప్పుడప్పుడూ ఫోన్ తప్ప మనిషి రాలేదు. ఇప్పుడు బాబుకి తొమ్మిదేళ్లు. స్కూల్లో ఫీజు పెంచితే, సాయం చేయమని ఆమె వాట్సాప్‌లో అడిగారు. “సంతకం పెట్టిన సంగతి మర్చిపోయావా?” అని జవాబు వచ్చింది. కోపంలో ఆమె “అయితే బాబుని చూడాల్సిన పని కూడా లేదు” అని రాసి నంబరు బ్లాక్ చేశారు. కొద్ది రోజుల్లోనే లాయరు నోటీసు వచ్చింది. ఒప్పందం ప్రకారం బాబుని చూపించాలి, వేసవి సెలవులంతా హైదరాబాద్ పంపాలి, 15 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే కస్టడీ కోసం కేసు వేస్తాం అని.

ఇంట్లో తలో మాట. “పైసలు కట్టినంకనే పిలగాణ్ని చూపియ్యి” అంటున్నారు అన్నయ్య. “వాళ్ల సొమ్ము మనకెందుకు బిడ్డా, ఉన్నదాంట్ల బతుకుదాం” అంటున్నారు అమ్మ. ఐదేళ్లు దాటిన మగపిల్లాడు తండ్రికే చెందుతాడని అటు వైపు బంధువు ఒకాయన కబురు పంపారు. ఈలోగా తండ్రి, బాబు అమ్మమ్మగారి ఫోన్‌కి చేసి, బాబుతో “మీ అమ్మకు ఆరు లక్షలిచ్చాను, ఫీజు అందులోంచి కట్టమను” అన్నాడట. ఆ డబ్బేదని బాబు తల్లిని అడగలేదు గానీ, స్కూల్లో ఇచ్చిన ఫీజు చీటీలు ఇంట్లో చూపించకుండా బ్యాగు అడుగున దాచుకుంటున్నాడు.

“నా సంతకంతో అంతా అయిపోయినట్టేనా? వాణ్ని నా దగ్గర్నుంచి తీసుకెళ్లిపోతారా? చూపించకపోతే తప్పా? అసలు నేను ఈ డబ్బు అడగడం న్యాయమేనా?” ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ప్రశ్నల్లో చివరిది ముందు తీసుకుంటాను. అది తేలకపోతే మిగతా వాటికి జవాబు చెప్పినా మీరు అడుగు ముందుకు వేయలేరు.

మీ అమ్మగారి మాటలోని ఆత్మాభిమానాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆవిడ తన కూతురు ఎవరి ముందో చేయి చాస్తోందనుకుంటున్నారు. మీరు అడుగుతున్నది మీకు కాదు. మీకు రావాల్సింది 6 లక్షలతో తేలిపోయింది, ఆ లెక్క మళ్లీ తెరవమని నేనూ చెప్పను. బాబు తిండి, బట్ట, చదువు, మందుల ఖర్చు తల్లిదండ్రులిద్దరి మీదా ఉన్న బాధ్యత. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోని 20వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన, ఇంకో బిడ్డ పుట్టినంత మాత్రాన అది తీరిపోదు. మీరు నాలుగేళ్లుగా ఆ బాధ్యత ఇద్దరి వంతూ ఒక్కరే మోశారు. ఇకపై ఒక వంతు దించుకోవాలనుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు మీ అన్నయ్య మాటకు వస్తాను. పైసలు ఇస్తేనే పిల్లాణ్ని చూపిస్తామని మీ ఇంట్లో అంటున్నారు. పైసలు అడిగితే పిల్లాణ్నే తీసుకుపోతామని అటు వాళ్లు అంటున్నారు. రెండూ ఒకే బేరం. ఈ బేరాన్ని చట్టం ఒప్పుకోదు, మీరూ ఒప్పుకోవద్దు. పోషణ బాబు హక్కు. తండ్రిని చూడటం, ఆయనతో గడపడం కూడా బాబు హక్కే. ఒకదాన్ని తాకట్టు పెట్టి ఇంకోదాన్ని విడిపించుకోవడానికి అవి మీ ఇద్దరి సొత్తు కావు. నేను కింద రాసేదంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది. మీరు కోర్టుకు వెళ్లినా, మధ్యవర్తిత్వానికి కూర్చున్నా, ఏమీ చేయకుండా ఊరుకున్నా ఈ రెంటినీ విడివిడిగా పట్టుకోండి.

సంతకం సంగతి చూద్దాం. మీ తరఫున మీరు పెట్టిన సంతకం మిమ్మల్ని కట్టేస్తుంది. బాబు తరఫున పెట్టింది బాబుని కట్టేయదు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది: సంరక్షకులు తమ సొంత హామీతో మైనర్‌ను ఏ సందర్భంలోనూ కట్టడి చేయలేరు. అంతేకాదు, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లల కస్టడీ, పోషణ, చదువు గురించి విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చేశాక కూడా ఎప్పటికప్పుడు కొత్త ఉత్తర్వులు ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. పిల్లలు పెరుగుతారు, ఖర్చులు మారతాయి, ఐదేళ్ల వయసులో రాసుకున్న కాగితం పదిహేనేళ్ల వయసుకు సరిపోదని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు.

అలాగని ఆ కాగితానికి విలువే లేదని మీ లాయరు చెబితే నమ్మకండి. అవతలి లాయరు మొదటి వాయిదాలోనే దాన్ని జడ్జి ముందు పెడతారు. 6 లక్షలు దేని కోసం ఇచ్చినట్టు రాశారన్నది అప్పుడు ముఖ్యమవుతుంది. మీరు రాసిన దాని ప్రకారం అది ‘భార్యకు శాశ్వత భరణం’. అలాగే ఉంటే బాబు ఖర్చుల నుంచి దాన్ని మినహాయించడానికి పెద్దగా ఆధారం ఉండదు. ‘భార్యకూ, బిడ్డకూ కలిపి’ అని ఎక్కడైనా ఉంటే మాత్రం కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. అప్పుడు కూడా బాబు హక్కు పోదు, వచ్చే మొత్తం తగ్గొచ్చు. డిక్రీ, దానికి జతచేసిన ఒప్పందం, రెండింటి సర్టిఫైడ్ కాపీలు తెప్పించుకుని ఆ పేరా నెమ్మదిగా చదవండి. ఇంకో మాట: చదవకుండా సంతకం పెట్టానని మీ పిటిషన్‌లో రాయించకండి. ఆ వాదన మీకు అక్కర్లేదు. పరస్పర అంగీకారపు విడాకుల్లో కోర్టు మిమ్మల్ని ఎదురుగా నిలబెట్టి అడిగే ఉంటుంది. చదవలేదంటే మీ మాట మీద అనుమానం తప్ప ఒరిగేదేమీ ఉండదు. చదివి పెట్టినా అది బాబుని కట్టేయదన్నదే మీ బలం.

ఆస్తి గురించి రెండు మాటలు చాలు. తాతతండ్రుల ఉమ్మడి ఆస్తి ఉంటే అందులో బాబుకి పుట్టుకతోనే వాటా ఉంది, మీ విడాకులతో దానికి సంబంధం లేదు. తండ్రి సొంతంగా సంపాదించుకున్నది ఆయన ఇష్టం, వీలునామా రాసి ఎవరికైనా ఇవ్వొచ్చు. వీలునామా లేకుండా పోతే బాబు కూడా మొదటి వరుస వారసుడే. మైనర్ స్థిరాస్తి హక్కును కోర్టు అనుమతి లేకుండా వదిలేసుకునే అధికారం తల్లికీ లేదు, తండ్రికీ లేదు. ఎక్కడైనా అలా జరిగి ఉంటే, బాబు 18 నిండాక మూడేళ్లలోపు దాన్ని సవాలు చేయొచ్చు. ఈ విషయం ఇప్పుడు కదపకండి. ఫీజు గొడవలో పొలం గొడవ కలిస్తే రెండూ తెగవు.

ఖర్చుల కోసం మీకు మూడు దారులున్నాయి. దేని నడక దానిదే.

ఒకటి, ఇన్నాళ్లూ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ అని అందరికీ తెలిసిన మనోవర్తి పిటిషన్. 2024 జూలై 1 నుంచి, ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 144వ సెక్షన్ అయింది. బాబు పేరున, తల్లిగా మీరు వేయాలి. మీకున్న పెద్ద సౌకర్యం ఏమిటంటే మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, ఆయనే హనుమకొండ రావాలి. కేసు తేలేలోపు మధ్యంతరంగా నెలకింత ఇమ్మని కూడా అడగొచ్చు. ఆయనకు నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు దాన్ని తేల్చాలని చట్టం చెబుతుంది. ‘వీలైనంతవరకు’ అన్న మాట వల్ల చాలా చోట్ల అంతకంటే ఎక్కువ కాలమే పడుతోంది, దానికి సిద్ధపడండి. ఈ సెక్షన్‌కు మతంతో పని లేదు. ఇది చదువుతున్న ముస్లిం, క్రైస్తవ తల్లులు కూడా పిల్లల కోసం దీన్నే ఆశ్రయించవచ్చు.

రెండోది, విడాకులు ఇచ్చిన కోర్టులోనే 26వ సెక్షన్ కింద దరఖాస్తు. పోషణ, చదువు, తండ్రి చూడటానికి వచ్చే పద్ధతి అన్నీ ఒకే చోట తేలతాయి, పాత ఒప్పందంలోని లోటు కూడా అక్కడే సరిదిద్దుకోవచ్చు. కానీ వాయిదా ఉన్నప్పుడల్లా స్కూలుకు సెలవు పెట్టి మీరు హైదరాబాద్ వెళ్లాలి. మీ జీతంలో ఆ ప్రయాణాల ఖర్చు, కోత పడే రోజులు లెక్కేసుకోండి.

మూడోది, కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లడం. అది మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జీతం ఉంది కదా అని మిమ్మల్ని తిప్పి పంపకూడదు. వాళ్లు ఆయనను పిలిపించి మధ్యవర్తి ముందు కూర్చోబెడతారు. కుదిరితే లోక్ అదాలత్‌లో అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, ఇస్తారు, దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. 2021లో పెద్దమనుషులు రాయించిన కాగితానికీ దీనికీ ఒక తేడా ఉంది. పెద్దమనుషుల పంచాయితీలో ఇద్దరు పెద్దల తగువు తెగితే చాలనుకుంటారు, అక్కడ లేని పిల్లాడి గురించి ఆఖరున ఒక పేరా రాసి చేతులు దులుపుకుంటారు. ఇలాంటి పేరాలు నేను ఎన్నో చూశాను, చూసిన ప్రతిసారీ కోపం వస్తుంది. అయితే మధ్యవర్తిత్వానికి రమ్మని ఆయనను ఎవరూ బలవంతం చేయలేరు. రాకపోతే కొన్ని వారాలు పోతాయి.

ఆ వారాల విలువ తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. 144 కింద, పిటిషన్ వేసిన తేదీకి ముందు గడిచిన నెలలకు డబ్బు రాదు. వేసిన తేదీ నుంచి ఇవ్వాలని 2020లో రజనీశ్–నేహ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కేసు ఎంతకాలం నడిచినా ఆ తేదీ నుంచి లెక్క కడతారు, కానీ మీరు తటపటాయించిన ప్రతి నెలా బాబు ఖాతాలో నష్టమే. కాబట్టి మధ్యవర్తిత్వాన్ని ప్రయత్నించాలనుకుంటే ఒక గడువు పెట్టుకోండి. ఆ లోపు ఆయన రాకపోతే పిటిషన్ వేసేయండి, వేశాక కూడా రాజీకి దారి మూసుకుపోదు. ఫ్యామిలీ కోర్టు స్వయంగా రాజీకి ప్రయత్నించాలని చట్టమే చెబుతోంది.

ఎంత వస్తుందని మీరు అడగలేదు గానీ, అది మనసులో ఉంటుందని నాకు తెలుసు. మన దేశంలో జీతంలో ఇంత శాతం అని చట్టంలో లేదు. ఇద్దరి ఆదాయం, బాబు అవసరాలు, ఇన్నాళ్లూ పెరిగిన తీరు చూసి జడ్జి నిర్ణయిస్తారు. ఇద్దరూ సంపాదిస్తుంటే ఆదాయాల నిష్పత్తిలో పంచుకోవాలని సుప్రీంకోర్టు 2000లో ఒక కేసులో చెప్పింది. ఆయన జీతం 90 వేలని మీరు రాశారు. బాబు ఖర్చు ఒకసారి వేసి చూద్దాం. ఏడాదికి 60 వేల ఫీజు అంటే నెలకు 5,000. వ్యాను 1,200, ట్యూషన్ 1,500, తిండి బట్టలు 4,000, డాక్టరు మందులు 800, ఇంటి అద్దెలో బాబు వంతు 2,500. మొత్తం 15,000. మీ ఇద్దరి జీతాల నిష్పత్తిలో ఆయన వంతు దాదాపు 12,000 అవుతుంది. జడ్జి ఇంతే ఇస్తారని కాదు, ఆయనకు ఇంకో కూతురు ఉంది, ఆ పాప ఖర్చూ చూస్తారు. కానీ నోటికొచ్చిన అంకె అడగడం కంటే, రసీదులతో సహా ఇలా కాగితం మీద పెట్టడం మీకు బలం. వంట, చదివించడం, జ్వరం వస్తే రాత్రంతా మేలుకోవడం అన్నీ మీరే చేస్తున్నారు, ఆ శ్రమ కూడా మీ వంతులో భాగమేనని లాయరుతో చెప్పించండి.

ఆయన అసలు ఆదాయం ఎంతో తెలుసుకోవడానికి మీరు తంటాలు పడక్కర్లేదు. రజనీశ్–నేహ తీర్పు తర్వాత ఇలాంటి కేసుల్లో ఇద్దరూ జీతం, ఆస్తులు, అప్పులు, బ్యాంకు ఖాతాలు చూపిస్తూ అఫిడవిట్ వేయాలి. మీరూ వేయాలి, కాబట్టి మీ వైపు కూడా ఏమీ దాచకండి. ఇంటి లోన్ ఈఎంఐ పోతే ఏం మిగలదని ఆయన అనొచ్చు. సాధారణంగా కోర్టులు పన్నులాంటి తప్పనిసరి కోతలను చూస్తాయి గానీ, సొంత ఆస్తి కోసం కడుతున్న వాయిదాలను బిడ్డ తిండి కంటే ముందు పెట్టవు. ఉద్యోగం మానేశానని చెప్పినా, పని చేయగల ఒంటి ఓపిక ఉన్నవాడు సంపాదించి పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

ఉత్తర్వు వచ్చాక కట్టకపోతే? బకాయి పడిన ప్రతి నెలకూ ఒక నెల వరకు జైలు వేసే అధికారం కోర్టుకు ఉంది. జైలుకు వెళ్లొచ్చినా బాకీ అలాగే ఉంటుంది. మనోవర్తి డిక్రీ కోసం జీతంలో మూడింట రెండు వంతుల వరకు జప్తు చేయొచ్చు కూడా. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. 144 కింద బకాయి వసూలుకు, అది పడిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. ఏళ్ల తరబడి ఊరుకుని ఒకేసారి అడుగుదామనుకుంటే పాతవి పోతాయి.

ఇప్పటిదాకా చెప్పింది మీకు అనుకూలమైన భాగం. ఇక మీకు నచ్చకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. ఈ రోజున కాగితం ప్రకారం చూస్తే తప్పు మీ వైపే ఉంది. ఒప్పందంలో పోషణ ఇవ్వాలని ఎక్కడా లేదు కనుక ఆయన దాన్ని ఉల్లంఘించినట్టు కాదు. నెలకోసారి చూపించాలని ఉంది, దాన్ని ఆపింది మీరు. రెండేళ్లు రాని మనిషి ఇప్పుడు హక్కు అడగడం మీకు మంటగా ఉండటం సహజం. రాని నెలలన్నీ తేదీలతో రాసి పెట్టుకోండి, జడ్జికి పనికొస్తాయి. కానీ ఆయన రాకపోవడం వేరు, మీరు చూపించననడం వేరు. మీరు రాసిన ఆ వాట్సాప్ మెసేజ్ ఆయన లాయరు దగ్గర ఉందని అనుకునే అడుగు వేయండి. డబ్బు ఇవ్వలేదని పిల్లాణ్ని దాచిన తల్లి అని మీ మీద ముద్ర వేయడానికి ఆ ఒక్క వాక్యం చాలు. కస్టడీ కేసుల్లో కోర్టులు చూసే వాటిలో ఇదీ ఒకటి: ఈ ఇద్దరిలో ఎవరి దగ్గర ఉంటే బిడ్డకు రెండోవారు కూడా దూరం కాకుండా ఉంటారు? తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం పిల్లల హక్కని, దూరంగా ఉన్నవారికి వీడియో కాల్స్ అయినా కుదర్చాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నంబరు అన్‌బ్లాక్ చేయండి. ఇది ఆయన గెలవడం కాదు, మీ మీద ఉన్న ఒకే ఒక్క వేలెత్తి చూపే అవకాశం తీసేయడం.

అయితే అడిగిందల్లా ఇవ్వక్కర్లేదు. ఒప్పందంలో ఉన్నది నెలకోసారి చూడటం, సెలవులంతా పంపడం కాదు. రెండేళ్లుగా మనిషిని చూడని తొమ్మిదేళ్ల పిల్లాణ్ని ఒక్కసారిగా నెలన్నర కొత్త ఇంట్లో, పరిచయం లేని పిన్ని దగ్గర, ఎప్పుడూ చూడని చెల్లి పక్కన వదిలేయడం బాబుకి భారం. ఇలా ప్రతిపాదించండి: ఈ నెల నుంచి రెండు ఆదివారాలు హనుమకొండలోనే పగటిపూట కలవాలి, వారానికి ఒక రోజు నిర్ణీత సమయంలో వీడియో కాల్ చేయాలి. ఆయన మూడు నాలుగు నెలలు తప్పకుండా వస్తే దసరా సెలవుల్లో రెండు రోజులు హైదరాబాద్ పంపి చూడొచ్చు. బాబు కుదురుగా ఉంటే తర్వాత పెంచుకోవచ్చు. తాగుడు, చేయి చేసుకోవడం లాంటివి మీ ఉత్తరంలో ఎక్కడా లేవు కనుక ఇలా చెబుతున్నాను. అలాంటివి ఉండి రాయలేకపోయి ఉంటే సంగతి వేరు. అప్పుడు మీ అంతట మీరు ఆపకుండా, కోర్టు ఆవరణలోనో మరొకరి సమక్షంలోనో మాత్రమే కలిసేలా ఉత్తర్వు అడగాలి.

కస్టడీ బెదిరింపు గురించి మీరు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని రాశారు. చట్టంలో ఏముందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఐదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ అంటుంది. అటు వైపు బంధువుగారు దాన్ని తిరగేసి, ఐదేళ్లు దాటితే తండ్రికని చెబుతున్నారు. ఆ మాట చట్టంలో లేదు. తండ్రిని మొదటి సహజ సంరక్షకుడని ఆ సెక్షన్ అంటుంది, నిజమే. కానీ అదే చట్టం 13వ సెక్షన్ బిడ్డ క్షేమమే అన్నిటికంటే పైన అని చెబుతుంది, కోర్టులు నడిచేది దాని మీద. నాలుగేళ్లుగా డిక్రీ ప్రకారమే మీ దగ్గర ఉన్నాడు, ఒకే ఊరు, ఒకే స్కూలు. ఇంత స్థిరంగా ఉన్న పిల్లాణ్ని కదిలించాలంటే గట్టి కారణం చూపించాలి, ఆయన జీతం ఎక్కువన్నది అలాంటి కారణం కాదు. ఆయన కస్టడీ కేసును గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం (మైనర్ల సంరక్షకుల చట్టం) కింద వేస్తే బాబు మామూలుగా నివసించే చోట, అంటే హనుమకొండలోనే వేయాలి. విడాకుల కోర్టులో 26వ సెక్షన్ కింద హైదరాబాద్‌లో వేస్తే, కేసును మీ ఊరికి మార్చమని హైకోర్టును కోరవచ్చు. జడ్జి బాబుని గదిలోకి పిలిచి మాట్లాడొచ్చు కూడా. తెలివిగా చెప్పగల వయసుంటే బిడ్డ ఇష్టాన్ని చూడొచ్చని చట్టంలో ఉంది. దాని కోసం బాబుకి ఏమీ నేర్పించకండి. పిల్లలు నేర్పిన మాట చెబితే జడ్జిలకు వెంటనే తెలిసిపోతుంది.

ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక దారే, మీ అమ్మగారు చెబుతున్నది అదే. బాబుని నెలనెలా చూపిస్తూ, ఖర్చు మీరే పెట్టుకుంటే గొడవ ఉండదు, కస్టడీ కేసూ బహుశా రాదు. ఇప్పటి ఫీజులకు మీ 22 వేలు సరిపోవచ్చు. ఇంటర్, ఆ పైన చదువు వచ్చేసరికి సరిపోవు. ఈ పిటిషన్లతో కొడుకు ఖర్చు వచ్చేది సాధారణంగా 18 ఏళ్లు నిండే వరకే. డిగ్రీ ఖర్చు అప్పుడు అడుగుదాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. అందుకే నాకు మూడో దారి, మధ్యవర్తిత్వం, మీ ఇద్దరికీ మేలనిపిస్తోంది. కోర్టు తనంతట తాను ఇవ్వకపోవచ్చు అనుకున్నవి కూడా అక్కడ రాయించుకోవచ్చు: ఇంటర్, డిగ్రీ ఫీజులో ఆయన వంతు ఎంత, బాబు పేరున ఆరోగ్య బీమా ఎవరు కట్టాలి, ఏటా ఖర్చు ఎంత శాతం పెరగాలి. తన డబ్బు మీరు వాడుకుంటారన్నది ఆయన అనుమానమైతే, ఫీజు నేరుగా స్కూలుకు కట్టేలా, మిగతాది బాబు పేరున తెరిచిన ఖాతాలో వేసేలా రాయించండి. డబ్బు మీ చేతికి రాకపోయినా బాబుకి చేరితే మీకు నష్టం ఏమీ లేదు. ఆయన కూర్చోనంటే 144 ఎలాగూ ఉంది.

బాబు సంగతి వీటన్నిటికంటే ముందు, ఈ వారంలోనే చూడండి. వాడికి ఆరు లక్షల గురించి తెలిసిపోయింది కాబట్టి దాటవేయొద్దు. ఆ డబ్బులో కొంత మీ నాన్నగారి ఆస్పత్రికి, మిగతాది బాబు ఫీజులకే పోయిందని మీరు నాకు రాశారు. ఉన్నదున్నట్టు అదే వాడికీ చెప్పండి, తండ్రి మీద ఒక్క మాటా జోడించకుండా. ఫీజు గురించి ఆలోచించడం పెద్దవాళ్ల పని, చీటీ ఇచ్చిన రోజే నాకు ఇచ్చెయ్ అనండి. ఆయనకు కూడా మెసేజ్‌లో ఒక్క ముక్క రాయండి: డబ్బు విషయాలు నాతోనే మాట్లాడండి, బాబుతో వద్దు. మర్యాదగా రాయండి, అది కూడా రేపు జడ్జి చదవొచ్చు.

స్కూలు మార్చడానికి తండ్రి సంతకం అడుగుతున్నారని ఆఖరున రాశారు. డిక్రీలో కస్టడీ మీదని ఉంది కదా, దాని సర్టిఫైడ్ కాపీ జత చేసి సంరక్షకురాలిగా మీరే సంతకం పెట్టి ఇవ్వండి. 1999లో గీతా హరిహరన్ కేసులో, తండ్రి బిడ్డ బాధ్యత చూడని పరిస్థితిలో ఆయన బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలు కాగలదని సుప్రీంకోర్టు చెప్పింది. స్కూలు వాళ్లు ఒప్పుకోకపోతే ఎందుకు కాదో రాతపూర్వకంగా ఇమ్మనండి.

నోటీసు గడువు దగ్గర పడుతోంది. జవాబు ఇవ్వకపోతే కేసు ఓడిపోరు గానీ, ఇస్తే మీ వైఖరి మొదటి కాగితంలోనే నమోదవుతుంది. జవాబు ఒక పేజీకి మించనక్కర్లేదు. బాబుని చూపించడానికి అభ్యంతరం లేదని, ఫలానా తేదీల్లో ఫలానా చోట రావచ్చని, సెలవులంతా పంపడం ఒప్పందంలో లేదని, పోషణ విషయం బాబు హక్కుగా విడిగా కోరుతున్నామని, దానికి మధ్యవర్తిత్వానికి సిద్ధమని, అంతే. పాత గొడవలు ఒక్కటీ అందులో ఉండకూడదు. న్యాయ సేవాధికార సంస్థ వాళ్లే ఈ జవాబు కూడా రాయించి ఇస్తారు. వెళ్లేముందు 15100కు ఫోన్ చేసి అడిగినా వివరాలు చెబుతారు. వెళ్లేటప్పుడు నోటీసు, డిక్రీ, ఒప్పందం, బాబు పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఫీజు రసీదులు, మీ పే స్లిప్పులు, ఆ వాట్సాప్ సంభాషణ మొత్తం ప్రింటు తీసుకెళ్లండి. మీ మెసేజ్ కూడా తీసేయకుండా.